ఆకుపచ్చ మంట

"కట్టెల్లో లేదత్తా దోషం. ఎన్నిసార్లని చెప్పను?"

"మరెక్కడుందే, నా కళ్లలో ఉందా? తుమ్మకట్టె తెమ్మంటే ఏ దయ్యాల దిబ్బ మీది కొమ్మ విరుచుకొచ్చావో! చూడు మంట, చిలకరెక్కలా ఎలా మండుతోందో. దీనిమీద కాచిన అంబలి తాగితే కడుపులో ఈకలు మొలుస్తాయి."

"ఇది తుమ్మే. నిన్నటిది వేప. మొన్నటిది రేల. మూడింటికీ మంట ఒక్క రంగే."

"అయితే మూడూ తడివే."

కొమ్మసాని మరో కట్టె పొయ్యిలోకి తోసింది. ఈ తగువు ఈవేళ పుట్టింది కాదు. అత్త పోలసాని రాత్రి ఎక్కడ వదిలిపెడుతుందో పొద్దున్నే అక్కడే అందుకుంటుంది. నిజానికి మంట అంతా ఆకుపచ్చగా లేదు. అంచు మాత్రమే, లేత అరటాకు చివరిలా.

గడపలో కూర్చుని ఉలికి సాన పెడుతున్న మామ గండయ్య నవ్వాడు. "పోనీలేవే. పచ్చటి మంట, పచ్చటి సంసారం."

అనేశాక నాలుక కరుచుకుని తల దించుకున్నాడు. కోడలు విన్నదో లేదో ఆమె ముఖం చూస్తే తెలియలేదు. గరిటె తిప్పుతూనే ఉంది.

గండయ్య పెద్దకొడుకు, కొమ్మసాని మొగుడు రేచన, పోయిన వానల్లో పడమటిగని కూలి చనిపోయాడు. శవం కూడా దొరకలేదు. ఆనాటినుంచి కొమ్మసాని ఏడవలేదు. నాలుక మీద రుచి కూడా పోయింది. కూరలో ఉప్పు ఎక్కువైందని ఎవరైనా అంటేనే ఆమెకు తెలిసేది. వాడలోవాళ్లు మొదట జాలిపడ్డారు, తర్వాత చెవులు కొరుక్కున్నారు, ఆ తర్వాత మరిచిపోయారు.

పొయ్యి పక్కన గోడవారగా రేచన దొంతి ఉంది. ఎర్రగుబ్బ కొండకు తూర్పున ఉన్న ఈ గనివాడలో ఇంటింటికీ అలాంటి కుండల దొంతి ఉంటుంది. వడ్లకూ పప్పులకూ కాదు. ఇంటివాడు గని దించుతున్నప్పుడు నేల రంగు మారిన ప్రతిచోటా గుప్పెడు రాయి పైకి పంపుతాడు. ఇల్లాలు దాన్ని ఒక కుండలో పోసి దొంతిలో చేరుస్తుంది. పైమట్టి పైకుండలో, అడుగురాయి అడుగుకుండలో. గని ఎలా ఉందో దొంతి అలాగే. గనివాళ్లు లోతును కుండలతోనే చెప్పుకుంటారు.

ఇంటివాడు గనిలో పోతే మాత్రం ఏడాది తిరిగేవరకూ ఆ దొంతిని తలకిందులుగా పేరుస్తారు. అడుగుకుండ పైకి వస్తుంది. పోయినవాడి మీద కొండ బరువు ఉండకూడదని. పాత పొయ్యి పూడ్చి, వేరేచోట మోచేతి లోతున గుంట తీసి కొత్త పొయ్యి పెడతారు. ఈ మాటలు పైవాళ్లకు చెప్పరు. చావింటి సంగతి గడప దాటకూడదు.

వసారాలో చిన్నకొడుకు బేతడు మోకు పేనుతున్నాడు. అది వాడి నడుముకే. పొద్దు వాలే శంఖం ఊదగానే పులిలోయలో కొత్తగని మొదలవుతుంది. ముందు దిగాల్సినవాడు బేతడని నిన్న కోట నుంచి చాటింపు వచ్చింది.

"మోకు ఇంకాస్త పొడుగు పేనరా," అంది పోలసాని, అంతసేపూ మంటనే చూస్తూ.

"పొడుగెందుకమ్మా? లోతు తక్కువే అన్నారు. తెల్లారేసరికి రాగితో వస్తా. నీ ముక్కుకు రాగిముక్కెర చేయిస్తా."

"నా ముక్కు సంగతి నేను చూసుకుంటాను. నువ్వు రా, చాలు."

"ఉప్పోయ్, ఉప్పు!"

వీధిలో కేక వినిపించింది. గాడిద మీద రెండు బస్తాలతో ఉప్పు బేరగాడు గుమ్మం ముందు ఆగాడు. మాసిన తలపాగా, మోకాళ్లదాకా పంచె, బుగ్గ మీద మసి. ఆ మసి కింద ఉన్నది కెంజాయదుర్గం యువరాజు ఉదయార్కుడని వాడలో ఈ ఇంటివాళ్లకు తప్ప మరెవరికీ తెలియదు. వారం కిందట రాగిభటులు తరుముతుంటే కొమ్మసాని అతన్ని కట్టెలమోపు వెనక దాచింది. అప్పటినుంచి అతనికి ఆమె అక్క.

రాగిభటులంటే ఒకప్పటి మామూలు మనుషులే. మాంత్రికుడు ధూమ్రజటుడు వాళ్ల రొమ్ముల మీద చిలుముతో మంత్రం రాశాడు. ఆ ఆకుపచ్చ అక్షరాలు ఆరేలోగా వాళ్లు నిలువునా రాగిబొమ్మలై, అతను చెప్పినట్టల్లా నడిచారు. రాజుగారి అరికాళ్ల మీద కూడా అదే మంత్రం రాశాడు. రాజవంశపు రక్తం కాబట్టి అది మెల్లగా పాకుతూ, మోకాళ్లు దాటి, నడుము దాటి, గుండెలదాకా వచ్చింది. దానికి విరుగుడు ఒక్కటే, కన్నెరాగి. నిప్పు ముఖం చూడని, రాయిలోంచి తనంతట తాను పుట్టిన రాగి. నేల లోపల సాగే రాగి ధారకు తల, అంటే అది పైకి వచ్చి నేలను తాకే చోటు, ఎక్కడుందో అక్కడే అది దొరుకుతుంది. దాన్ని తానే ముందు పట్టి కరిగించేయాలని ధూమ్రజటుడి ఆరాటం.

ఉదయార్కుడు మానికతో ఉప్పు కొలుస్తున్నట్టు వంగి, గొంతు తగ్గించాడు.

"అక్కా, కోటలో చూసి వస్తున్నాను. మాంత్రికుడు తూర్పుగని దొంతి, నడిమిగని దొంతి ఇళ్లనుంచి ఎత్తుకెళ్లి తన శాలలో పెట్టుకున్నాడు. మీ దొంతి చావింటిదని కదల్చలేదట. ఇక్కడికే వచ్చి చూసి వెళ్లాడట కదా?"

"వచ్చాడు," అన్నాడు గండయ్య. "మూతలు తీసి, చూసి, పోయాడు."

"ఆ మూడూ కలిపి నేలమీద పెద్ద ముగ్గు వేశాడు. మూడు గనులకు మూడు నిలువు గీతలు. రాగి ఉండే పచ్చరాయి ఏ కుండలో దొరికిందో అక్కడ చుక్క. చుక్కలు కలిపితే అదే ధార. తూర్పున పైకి ఉంది, నడుమ కిందికి దిగింది, పడమట మళ్లీ పైకి లేచింది. ఇంకా పడమరగా పులిలోయలో రెండు కుండల లోతు తవ్వితే ధార తల చేతికొస్తుందని చెబుతున్నాడు."

"రెండు కుండల లోతా?" గండయ్య చేతిలో ఉలి ఆగిపోయింది. "ఆ వైపు ఆ లోతులో ఉండేది నీటి ఇసుక కదయ్యా! గునపం తగిలితే ఏరు మీదపడ్డట్టే. మా పెద్దోడు దుంగలు కట్టి ఎలాగో దాటినా, చివరికి వాణ్ణి మింగింది అదే."

కొమ్మసాని గరిటె పక్కన పెట్టింది. దొంతి వైపు చూసింది. పైనుంచి రెండో కుండ. అందులో ఉన్నది పచ్చరాయి. నీటి ఇసుక కుండ అడుగునుంచి రెండోది.

"మామా," అంది, "వాడు మన దొంతిని ఉన్నది ఉన్నట్టే చదివాడు."

మాంత్రికుడు వచ్చిన రోజు ఇంట్లో నలుగురూ ఉన్నారు. చావింట్లో పరాయివాడితో మాట్లాడకూడదు కాబట్టి నలుగురూ తలలు వంచుకుని గోడకు ఆనుకుని నిలబడ్డారు. అతను పైకుండను పైమట్టి అనుకుంటాడని ఒక్కరికీ తట్టలేదు. రోజూ కళ్లముందుండే తలకిందులు వాళ్లకు తిన్నగానే కనబడింది.

పోలసాని ముందుగా తేరుకుంది. "అయితే ఏమంటావు? ఏడాది నిండకుండా దొంతి తిరగేస్తానంటావా? కొండనెత్తి నా కొడుకు మీద పెడతావా?"

"నేనేమీ అనలేదు."

"నీ మొహం అంటోంది."

"నే దిగుతాలే వదినా," అన్నాడు బేతడు. "నీళ్లొస్తే ఈదుతా."

పోలసాని పొయ్యిలోంచి కట్టె లాగి వాడి వీపు మీదికి విసరబోయి, మధ్యలోనే కట్టె కింద పడేసి, చెంగుతో నోరు మూసుకుంది.

కొమ్మసాని లెక్క వేసుకుంది. మాంత్రికుడికి అతని తప్పు చెబితే కన్నెరాగి అతని చేతిలో పడుతుంది. చెప్పకపోతే సాయంత్రానికి బేతడు పోతాడు. పారిపోదామంటే వాడ చుట్టూ రాగిభటులు. కొత్తగా ఎక్కడా తవ్వక్కర్లేదు, తవ్విన గనులే చెబుతాయి ధార ఎటు పోయిందో. కానీ మిగతా రెండు దొంతులూ కోటలో ఉన్నాయి. ముగ్గు మాట వినికిడి. కుండలో చేయి పెట్టి చూస్తేగాని నమ్మకం లేదు.

"తమ్ముడూ, కోటలోకి ఉప్పు మోయడానికి నీకు పెళ్లాం ఉందా?"

"లేదక్కా."

"ఈవేళకు ఉందనుకో."

పెరట్లో ఇటుకరాయి అరగదీసి ఎర్రటి పొడి నుదుట దిద్దుకుంది. మట్టిగాజులు తొడుక్కుంది. ఇన్ని నెలల తర్వాత బొట్టు పెట్టుకుంటే చేయి వణుకుతుందనుకుంది. వణకలేదు. గోడకు బొట్టు పెట్టినట్టే ఉంది. చింతపండు ముద్ద ఒకటి చెంగున ముడివేసుకుని, బస్తా నెత్తికెత్తుకుంది. కోటవాళ్లు ఉప్పుతోపాటు పులుపు కూడా అడుగుతారని.

మిట్టమధ్యాహ్నపు ఎండలో కెంజాయదుర్గం కొలిమిలోంచి అప్పుడే తీసిన కడియంలా ఉంది. ఏడంతస్తుల బురుజులకు రాగి తొడుగులు; ఒక్కో తొడుగు మీద ఒక్కో సూర్యుడు. ద్వారాల మీద రాగి నెమళ్లు, రాగి ఏనుగులు, రాగితీగలల్లుకున్న రాగిపూలు. గాలి వీస్తే ఆ పూరేకులు ఒకదానికొకటి తగిలి సన్నగా మోగేవి. లోపల చెట్ల మీద నిజమైన పక్షి ఒక్కటీ లేదు. కొమ్మసాని అదంతా చూసింది. ఎంత తోమాలో అనుకుంది.

వంటశాల ద్వారం దగ్గర పెద్దవంటవాడు బస్తాలో వేలు ముంచి నాకాడు. "ఇసుక కలిపారా?"

"ఇసుక కూడా ఖరీదే బాబూ," అన్నాడు ఉదయార్కుడు. "కలిపితే మాకే నష్టం."

వంటవాడు నవ్వి లోపలికి వదిలాడు. గుండిగల వరసలు దాటి, పొగగూటి వెనక సందులో దూరి, ఇద్దరూ మంత్రశాలలోకి జారారు. నేలంతా ముగ్గు. ధార మీద పచ్చపొడి మెరుస్తోంది. అవతలి గోడకు రెండు దొంతులు. వాటి ముందు ఈటెలతో ఇద్దరు రాగిభటులు.

వాళ్ల కళ్లు మెరిసేలోగా ఉదయార్కుడు ఉప్పుబస్తా ఒకడి కాళ్లకు అడ్డంగా దొర్లించాడు. వాడు వెల్లకిలా పడ్డాడు. కోటంత గంట కింద పడ్డ మోత! రెండోవాడి ఈటె యువరాజు తలపాగాను గోడకు కుట్టేసింది. కొమ్మసాని పడినవాడి రొమ్ము మీద మోకాలు ఆనించింది. చెంగు ముడి విప్పింది. చింతపండు ముద్ద, దోసెడు ఉప్పు. ఇంట్లో చెంబు తోమినట్టు తోమింది. ఎడమనుంచి కుడికి, కుడినుంచి ఎడమకు. నల్లటి నురగలో ఆకుపచ్చ అక్షరాలు ఒక్కొక్కటే కరిగిపోయాయి. రాగి మెత్తబడింది. లోపలినుంచి చెమట పట్టిన మనిషి రొమ్ము బయటపడింది.

"అమ్మా," అన్నాడు వాడు కళ్లు చికిలించి, "మాది నక్కలపేట. ఇప్పుడు పొద్దెంతైంది?"

"మధ్యాహ్నం దాటింది. ముందు ఆ రెండోవాడి కాళ్లు పట్టుకో నాయనా."

వాడు పట్టుకున్నాడు. ఉదయార్కుడు భుజాలు అదిమాడు. కొమ్మసాని రెండోవాణ్ణి కూడా తోమి మనిషిని చేసింది.

"అక్కా, నాన్నగారికి కూడా ఇలాగే..." యువరాజు ఆమె చేతిలోని చింతపండు వైపు చూశాడు.

"చింతపండు పైచిలుముకే తమ్ముడూ. ఆయనకు ఎముకల్లోకి దిగింది. కన్నెరాగే కావాలి. ఇటు రా."

దొంతుల మూతలు తీసింది. పైపైన అన్నీ దుమ్ముపట్టి బూడిదరంగు రాళ్లలాగే ఉన్నాయి. పచ్చరాయిని కంటితో చూసి పోల్చుకోకూడదు, నాలుకతో చూడాలి. గనివాళ్ల పద్ధతి అది. ఒక రాయి నాలుకకు ఆనించింది. ఏమీ తెలియలేదు. గోడ నాకినట్టుంది.

"నువ్వు నాకు," అంది, రాయి అతనికి అందించి.

"నేనా?"

"నాకు రుచి తెలియదు. ఊఁ."

రాజభోజనాలు తిన్న నాలుక ముఖం చిట్లించుకుంటూ పని మొదలుపెట్టింది. "ఇది మట్టి. ఇదీ మట్టే. ఇది... ఉప్పు బేరమే నయం అక్కా. ఆఁ! ఇది, ఇది దేవుడి గంట నాకినట్టుంది. పళ్లు జివ్వుమన్నాయి."

"అది ఎన్నో కుండ?"

"తూర్పుగనిది. పైనుంచి రెండోది."

"నడిమిగనిది?"

ఇంకాసేపు ఉమ్ములు, తిట్లు. "నాలుగోది."

రేచన దొంతిని తిన్నగా పెడితే పచ్చరాయి ఆరో కుండ. రెండు, నాలుగు, ఆరు. ధార పడమటికి లేవలేదు. దిగుతూ దిగుతూ పోయింది. మాంత్రికుడి గీతను కొమ్మసాని కాలి బొటనవేలితో చెరిపి, మళ్లీ గీసింది. పడమటనుంచి తూర్పుకు, పాతాళంనుంచి పైకి. తూర్పుగని దాటాక ఇంకా అంతే దూరం పోతే ధార నేలను తాకుతుంది. అక్కడ ఏముంది?

ముగ్గు అంచు దాకా వెళ్లిన ఆమె బొటనవేలు ఆగిపోయింది.

తుమ్మ, వేప, రేల. మూడింటికీ మంట ఒక్క రంగే.

ఏడుపు రాలేదు. సంతోషమూ రాలేదు. నాలుక చివర మాత్రం ఇందాకటి రాయి సన్నగా, ఎక్కడో దూరంగా, పుల్లగా తగిలింది. అది నిజమో భ్రమో చూసుకునే తీరిక లేకపోయింది. శాల తలుపులు భళ్లున తెరుచుకున్నాయి.

గుమ్మంలో ధూమ్రజటుడు. తలమీద వెంట్రుకలు కాదు, పొగ. అది జడలు జడలుగా పాకి నేలమీది ముగ్గును తడిమింది, చెరిగిన గీతను తడిమింది. "నా ధారను చెరిపిందెవరు?" ఒక పొగజడ యువరాజు మెడకు చుట్టుకుంది. నక్కలపేటవాడు తనను కాపాడిన ఉప్పుబస్తానే ఎత్తి, మాంత్రికుడి ముఖాన బోర్లించాడు. కళ్లలో ఉప్పు పడి ధూమ్రజటుడు గావుకేక పెట్టాడు. జడ సడలింది.

"పొగగూడు!" అరిచింది కొమ్మసాని.

నలుగురూ ఎగబాకారు. మసి, చీకటి, కింద గుండిగల మోత. పైకి తేలేసరికి కోటకప్పు. అక్కడినుంచి ఏనుగుల గడ్డివామి మీదికి దూకారు. మనుషులైన భటులిద్దరూ అక్కడినుంచే తమ ఊళ్ల దారి పట్టారు. అక్కా తమ్ముడూ వామి మీదనుంచి జారి గాడిద ముందు పడ్డారు. ఆ గాడిద పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ పరుగెత్తి ఎరగదు. ఆవేళ పరుగెత్తింది. వెనక కోట బురుజు మీద రాగికొమ్ములు మోగాయి. ఆపమన్న కేకలు, దబదబ రాగి అడుగులు. అగడ్త వంతెన లేస్తుండగానే గాడిద అవతలికి గెంతింది. దాని తోకలో నాలుగు వెంట్రుకలు వంతెన సందులో మిగిలిపోయాయి.

గనివాడ చేరేసరికి నీడలు పొడుగయ్యాయి. ఇంకా శంఖం ఊదలేదు. బేతడు మోకు భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. గండయ్య కొడుకు నడుముకు ముడి వేస్తూ, విప్పుతూ, మళ్లీ వేస్తూ ఉన్నాడు. పోలసాని పొయ్యి దగ్గరే ఉంది. కొడుకు తిని వెళ్లాలని పొద్దున్న దించిన అంబలిని మళ్లీ ఎక్కించింది.

కోడలు లోపలికి అడుగుపెట్టింది. ఒళ్లంతా మసి. నుదుటి మీద మాత్రం ఇటుకపొడి బొట్టు చెక్కుచెదరలేదు. దాన్ని తుడుచుకోవడం ఆమె మరిచిపోయింది. పోలసాని చూపు ఆ బొట్టు మీద ఆగింది. నోరు తెరిచింది. మళ్లీ మూసి, అంబలి గరిటె అందుకుంది.

కొమ్మసాని చెంబుడు నీళ్లు తాగింది. గోడకు ఆనించి ఉన్న రేచన గునపం తీసి, పొయ్యి ముందు కూర్చుంది. మంట అంచు ఆకుపచ్చగా ఊగుతోంది. దూరంగా వాడ మొదట్లో రాగి అడుగుల చప్పుడు మొదలైంది. గుమ్మం దగ్గర ఉదయార్కుడు దాచిన కత్తి బయటికి తీశాడు.

"అత్తా, నువ్వన్నది నిజం కాదు, నేనన్నదే నిజం. దోషం కట్టెల్లో లేదు. పొయ్యి కింద ఉంది."

"ఏంటే అది?"

"ధార తల. ఆయన పోయినప్పుడు లోతుగా తీసిన గుంట దాని పైచిలుమును తాకింది. నిప్పు ముఖం చూడని రాగి ఇంకా కిందే ఉంది. అప్పటినుంచీ మంట మనకు చెబుతూనే ఉంది."

కొమ్మసాని దొంతి వైపు తిరిగి, పైకుండ మీద చెయ్యి వేసింది. అది ఆమె మొగుడు చివరగా పంపిన అడుగురాయి. కాసేపు చేతిని అలాగే ఉంచింది. తర్వాత ఎవరివంకా చూడకుండా, పప్పులో ఉప్పు సంగతి చెబుతున్నట్టు మెల్లగా చెప్పింది.

"దొంతి తిరగేస్తున్నాను. బరువైనా ఆయన ఓర్చుకుంటాడు, తమ్ముడి కోసమే కదా. బేతా, మోకు విప్పెయ్, నువ్వు పులిలోయకు పోవడం లేదు. మామా, తలుపు గడియ వేసి ఉలి పట్టుకురా. అత్తా, ఆ అంబలి దించు. ఈ పూట మనింట్లో పొయ్యి వెలగదు. తవ్వేస్తున్నాను."